పొడిగా ఉన్న సీళ్ళు

ఇంటాయన పెద్ద మాటేమీ అనలేదు. గేటు దగ్గర నిలబడి, పెరట్లో టార్పాలిన్ కప్పుకుని పడున్న కారు వంక చూస్తూ, "కదిలే బండయితే ఉండనివ్వండి, కదలందయితే తీయించెయ్యండి. ఇప్పటికి పిల్లి పిల్లల్ని పెట్టింది, రేపు పాము పెడుతుంది" అన్నాడు. అని నవ్వాడు కూడా. ఆ నవ్వుకి తిరిగి నవ్వాలని పళ్ళాయనకి తోచలేదు. సరేనని తలూపి లోపలికి వచ్చేశాడు.

ఆ వీధిలో అందరికీ అతను పళ్ళాయనే. డాక్టర్లు తీసి పంపిన అచ్చుల్ని బట్టి కట్టుడుపళ్ళు చేయడం అతని పని. ముసలివాళ్ళ నోట్లో పన్ను వెంట్రుకవాసి ఎత్తుగా కూర్చున్నా అన్నం సహించదు గనక, వెంట్రుకవాసి అంటే ఎంతో ఆ వేళ్ళకి తెలుసు. ఆ వేళ్ళే పోయినేడు ఇదే పెరట్లో ఈ కారుకి టైమింగ్ బెల్టు, తెగితే ఇంజనే ఆగిపోయే పట్టీ, మార్చాయి. షెడ్డుకివ్వకుండా నేనే చేసుకున్నానని అప్పట్లో అతను నలుగురికీ చెప్పుకున్నాడు. ఇప్పుడా మాట నలుగురూ అతనికి చెబుతున్నారు.

మామగారికి గుండెనొప్పి వచ్చి ఆస్పత్రికి తీసుకెళుతుంటే ఆ బెల్టు తెగింది. ఎత్తు ఎక్కుతూ, మూసి ఉన్న టైర్ల కొట్టు ముందు బండి ఆగిపోయింది. తాళం తిప్పితే ఇంజను ఎన్నడూ లేనంత తేలిగ్గా, గింజలు వేయని తిరగలిలా గిర్రున తిరిగింది గాని అందుకోలేదు. వెనక సీట్లో కూతురి ఒళ్ళో తలపెట్టుకున్న మామగారు, కంగారుపడకు బాబూ, నిదానంగా చూడు, అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు. వేరే బండి దొరికి ఆస్పత్రి మెట్లెక్కేసరికి డాక్టర్లకి చేయడానికేమీ మిగల్లేదు.

కారుని తాడేసి లాక్కొచ్చిన మెకానిక్కు కింద చెయ్యి పెట్టి, వేళ్ళకంటిన నూనెని గుడ్డకి తుడుచుకుంటూ, బెల్టు వేసినవాడెవడో సీళ్ళు మార్చకుండా వేశాడు, నూనె కారి బెల్టు నాని తెగింది అని తేల్చేశాడు. ఆ ఎవడో ఎవరో అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. సీళ్ళంటే, ఇంజనులోంచి ఇరుసులు బయటికి వచ్చేచోట నూనె రాకుండా పట్టుకుని ఉండే రబ్బరు చుట్లు. బెల్టు విప్పిన చేత్తోనే వాటినీ మార్చేస్తే సరిపోయేది. పళ్ళాయన అప్పుడు గోటితో నొక్కి చూశాడు. మెత్తగా ఉన్నాయి, పొడిగా ఉన్నాయి. బాగున్నవాటిని కెలకడం దేనికని వదిలేశాడు.

ఆనాడు అత్తగారి నోటికి పట్టిన 'రబ్బరు ముక్క' అన్న మాట మరి వదల్లేదు. మామగారు పోయాక ఆవిడ కూతురి దగ్గరే ఉంటోంది. కొడుకు పెళ్ళి కానివాడు, ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక గదిలో సర్దుకుంటున్నాడు, అక్కడ తల్లికి చోటు లేదు. అల్లుడితో ఆవిడ నేరుగా మాట్లాడదు. చెప్పదలచుకున్నది గోడకో, గిన్నెకో, కూతురికో చెబుతుంది. ఫ్యాను ఆగితే, దానిలో కూడా ఏ రబ్బరు ముక్కో పోయి ఉంటుందంటుంది. పక్కింటివాళ్ళు పలకరిస్తే, నిక్షేపంలాంటి మనిషిని రబ్బరు ముక్క తినేసిందమ్మా అంటుంది. పళ్ళాయన వింటాడు. పన్ను పీకేముందు దవడకి సూదిమందు ఇచ్చాక మనిషి తన పెదవిని తనే కొరుక్కున్నా తెలియదు. అతనికి అలాగే ఉంది. మాట తగిలిందని తెలుస్తోంది, నొప్పి మాత్రం తెలియడం లేదు.

సెలవు చూసుకుని పని మొదలుపెట్టాడు. టార్పాలిన్ లాగేసరికి ఎండుటాకులు, దుమ్ము, పిల్లి వెంట్రుకలు మీద పడ్డాయి. పిల్లిని పిల్లలతో సహా అట్టపెట్టెలోకి మార్చి గోడవార పెట్టాడు. బ్యాటరీ తీగ విప్పాడు. జాకీ పెట్టి ముందు చక్రం లేపి, కింద చెక్కమొద్దులు దోపి, బండి నిలిచిందో లేదోనని భుజంతో ఒకసారి తోసి చూసి, చక్రం ఊడదీశాడు. చక్రం వెనక ఉంటుంది అసలు సంగతంతా. ఇంజను కొసన పెద్ద పుల్లీ, దాని నడుమ బోల్టు, ఆ పుల్లీ వెనక నల్లటి ప్లాస్టిక్ మూత, మూత లోపల బెల్టు.

పుల్లీ బోల్టు లొంగలేదు. పోయినేడు ఒళ్ళంతా బరువేసి బిగించింది తనే. బండిని గేరులో వేసి, ఎవరైనా లోపల కూర్చుని బ్రేకు తొక్కిపట్టి ఉంచితే తప్ప ఇంజను తిరగకుండా ఆగదు, అది ఆగితే తప్ప బోల్టు ఊడదు. వంటింటి కిటికీ వైపు చూసి, కాస్త వస్తావా అన్నాడు.

భార్య తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. బడిలో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పే మనిషి, ఒకప్పుడు ఇంట్లో కూడా అదే గొంతుతో గలగలలాడేది. డ్రైవరు సీటు తలుపు తీసి ఒక క్షణం అలా నిలబడింది. ఆనాటి తర్వాత ఆ కారులో కాలు పెట్టలేదు. కూర్చుంది. అద్దం వెనక సీటుని చూపించేలా ఉంటే, దాన్ని చేత్తో పైకి తిప్పేసింది.

తొక్కు అన్నాడు. తొక్కింది. పానా పిడికి నీళ్ళ గొట్టం ముక్క తొడిగి, దాని కొసన తన బరువంతా వేశాడు. బోల్టు పిడుగు పడ్డట్టు టప్పుమని వదిలింది.

"ఊడిందా?" 

"ఊడింది."

దిగి వెళ్ళిపోయింది. తలుపు వేయడం మరిచిపోయింది. తర్వాత ఎప్పుడో అతనే లేచి వేశాడు.

ఇక మిగిలింది ఆ అరచేతి వెడల్పు ప్లాస్టిక్ మూత, నాలుగు చిన్న బోల్టులు. ఆ మూత తీస్తే సంగతి తేలిపోతుంది. లోపలంతా నూనె జిడ్డు ఉండి, బెల్టు నాని ఉబ్బి ఉంటే, మామగారిని చంపినవాడు తనే. ఇన్ని నెలలూ ఆ టార్పాలిన్ తీయకపోవడానికి కారణం తీరిక లేకపోవడం కాదు. పానా చేతిలో పెట్టుకుని ఆ మూత ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్ళు పట్టేశాయి. లేచి పుల్లీని కిరసనాయిలుతో కడిగాడు. కడిగినదాన్నే మళ్ళీ కడిగాడు. చీకటి పడకముందే సామాను సర్దేసి, చేతులు సబ్బుతో రుద్దుకుని, అన్నానికి కూర్చున్నాడు.

మర్నాడు బావమరిది వచ్చాడు. స్కూటరు గేటు బయటే ఆపి, హెల్మెట్ తీయకుండానే పెరట్లోకి వచ్చాడు. సెల్‌ఫోన్ల కొట్లో పనిచేసే కుర్రాడు, మాటకారి, ఎదుటివాడు వద్దన్న ఫోనుని వాడి చేతే కొనిపించగలడు. ఆ రోజు మాత్రం ఆ చాకచక్యమంతా ఎక్కడో మరిచిపోయి వచ్చినట్టున్నాడు.

"వదిలెయ్యి బావా. తూకానికి ఇచ్చేద్దాం. నాకు తెలిసినవాడున్నాడు, ఇవాళే వచ్చి లాక్కుపోతాడు."

"బాగుచేస్తే నడుస్తుందిరా."

"నడిచి ఏం చెయ్యాలి? చూసినప్పుడల్లా అమ్మకి బాధ. అక్కకి బాధ. దీన్ని విప్పి నువ్వు తెలుసుకునేదేముంది?"

పళ్ళాయన పానాల పెట్టె దగ్గరికి లాక్కున్నాడు. బావమరిది హెల్మెట్ తీసి బానెట్టు మీద పెట్టాడు, మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. సాయం చేస్తానన్నాడు. పది నంబరు పానా అందిస్తావా అంటే పన్నెండు ఇచ్చాడు. మళ్ళీ అడిగితే పద్నాలుగు ఇచ్చాడు. పళ్ళాయన చేతులు ఆ మూత బోల్టుల దాకా వెళ్ళినప్పుడల్లా అతను ఏదో ఒకటి అడుగుతున్నాడు. జాకీ నిలుస్తుందా అని, దాహంగా ఉందా అని, పిల్లి పిల్లలెన్ని అని. తల్లి వంటింట్లోంచి కేకేసింది, నువ్వొచ్చి తినరా, రబ్బరు ముక్కలు మార్చేవాళ్ళు తీరిగ్గా మార్చుకుంటారు, నీకెందుకా మసి అని. ఆ మాటకి బావమరిది తల దించుకున్నాడు. తినకుండానే, కొట్టు తెరవాలని చెప్పి వెళ్ళిపోయాడు. స్కూటరు వీధి మలుపు తిరిగాక పళ్ళాయన నాలుగు బోల్టులూ వరసగా విప్పి మూత లాగాడు.

లోపల పొడిగా ఉంది.

మొదట చూపు నమ్మలేదు. వేలు పెట్టి మూత లోపలి వైపు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా రాశాడు. వేలికి నల్లటి పొడి అంటింది. కాటుకలాంటి పొడి, రబ్బరు అరిగి రాలిన పొడి. జిడ్డు లేదు. పై ఇరుసు చుట్టూ రాశాడు, కింది ఇరుసు చుట్టూ రాశాడు. అక్కడా పొడే. మరి మెకానిక్కు చేతికంటిన నూనె ఎక్కడిదని టార్చి వేసి వెతికితే, ఇంజను నెత్తిమీది మూత పక్కనుంచి సన్నటి చార ఒకటి బయటి వైపుగా కిందికి దిగి ఉంది. బెల్టుకీ దానికీ పొత్తు లేదు.

తెగిన బెల్టుని బయటికి తీశాడు. నానలేదు, ఉబ్బలేదు. ఒక అంచు పొడవునా కాలి, పెళుసెక్కి, వేళ్ళ మధ్య నలిపితే రాలిపోతోంది. ఆ అంచు తాకే చోటేదని చూశాడు. బెల్టు వదులు కాకుండా పక్కనుంచి ఒత్తిపట్టే చిన్న చక్రం ఒకటుంటుంది, టెన్షనరంటారు. దాని ముఖం వేడికి నీలం తిరిగి ఉంది. బొటనవేలితో తోశాడు. కదల్లేదు. విప్పి చేతిలోకి తీసుకుని రెండు చేతులతో మెలితిప్పాడు. లోపలి ఇనుప గుళ్ళు పట్టేసి, చక్రం ఒక్క ముద్దయిపోయింది. తిరగని చక్రం మీద బెల్టు రాసుకుని రాసుకుని కాలి తెగింది.

చక్రం వెనక పసుపు రంగు చుక్క ఉంది. పాత బళ్ళు విప్పి అమ్మే చోట, ఊడదీసిన సామాను కలిసిపోకుండా బ్రష్షుతో పెట్టే చుక్క. పైకి కనబడకుండా ఎవరో గీకారు గాని, గాడిలో మిగిలిపోయింది. పోయినేడు బెల్టూ చక్రమూ కొనుక్కొచ్చింది బావమరిది. బెల్టు డబ్బాలో ఉంది, చక్రం కాగితంలో చుట్టి ఉంది. దీని డబ్బా ఏదిరా అంటే నలిగిపోతే పారేశానన్నాడు. అప్పుడు తిప్పి చూస్తే వెన్నలా తిరిగింది. కొత్త గ్రీజు కూరి ఉంటే ఏ పాతదైనా కొన్నాళ్ళు వెన్నలాగే తిరుగుతుంది. తను వెనక్కి తిప్పి చూడలేదు.

ఆ చక్రాన్ని పరిచిన పాత దుప్పటి మీద పెట్టి దాని పక్కనే కూర్చున్నాడు. తప్పు తనది కాదు. ఆ మాట లోపల ఎక్కడో తగిలి ఏదో ఒకటి కదలాలి కదా. కళ్ళలో నీళ్ళయినా రావాలి, కోపమయినా రావాలి. బావమరిది గల్లా పట్టుకోవాలనిపించాలి. ఏమీ రాలేదు. గోడవార పిల్లి పిల్లలు తల్లి పొట్టని కుమ్ముతున్నాయి. కాసేపు వాటిని చూశాడు. తర్వాత లేచి, చేయవలసిన పని ఇంకా ఉంది గనక, సీళ్ళు తీయడానికి కూర్చున్నాడు.

అవి బాగానే ఉన్నాయి. అయినా కొత్తవి తెచ్చి ఉన్నాడు. ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నది వాటి కోసమే. తన పళ్ళ పనిలో మైనం చెక్కే సన్నటి కొక్కేన్ని ఇంటిలోంచి తెచ్చి, దాని మొనకి టేపు చుట్టాడు. సీలు తీసేటప్పుడు మొన జారి ఇరుసు మీద గీత పడిందా, ఇక ఎన్ని కొత్త సీళ్ళు వేసినా ఆ గీత వెంట నూనె కారుతూనే ఉంటుంది. సీలు లోపలి అంచుకుండే రబ్బరు పెదవి కింద కొక్కెం దూర్చి, ఒకే చోట లాగకుండా, చుట్టూ కొంచెం కొంచెం కదుపుతూ పైకి తెచ్చాడు. మొదటిది వచ్చింది. రెండోది ఇంకాస్త మొరాయించి వచ్చింది. రెండింటినీ చక్రం పక్కన పెట్టాడు.

"ఇది వాడు తెచ్చిందేగా."

తలెత్తాడు. అత్తగారు వెనక మెట్టు దిగి వచ్చి ఉంది. వంగి చక్రాన్ని తీసుకుని, అతను తోసినట్టే బొటనవేలితో తోసి చూస్తోంది. మామగారు పోయాక ఆవిడ అతనితో నేరుగా అన్న మొదటి మాట అది.

"మీకు తెలుసా?" అన్నాడు.

"చెప్పాడు. ఆయన పోయిన మర్నాడే చెప్పాడు. కొత్తది ఆ కొట్లో లేదంటే ఇంకో కొట్టుకి అంత దూరం ఏం పోతాంలే అని, స్నేహితుడి షెడ్డులో ఊడదీసింది పట్టుకొచ్చానమ్మా అని నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. నోరు మూసుకోమన్నాను." చక్రాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. "ఎందుకని అడగరేం?"

ఆవిడే చెప్పింది. ఉప్పుడబ్బా ఏ అరలో పెట్టిందో చెబుతున్నంత మామూలుగా చెప్పింది.

"కోపం ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా బాబూ. పెట్టుకోకపోతే పొద్దున్నే లేచి ముద్ద నోట్లో పెట్టుకోలేను. వాడి మీద పెట్టుకున్నాననుకోండి, ఇక నాకు వాడు కూడా లేనట్టే. మీరయితే పడతారు. ఎంత అన్నా పడి, సాయంత్రం వస్తూ వస్తూ నా మందులు తెచ్చి బల్ల మీద పెడతారు. అందుకని మీ మీద పెట్టుకున్నాను."

పళ్ళాయన గుడ్డతో కింది ఇరుసుని తుడుస్తూ ఉన్నాడు. తుడవడానికి అక్కడేమీ లేదు.

"అమ్మాయికి చెబుతారా?"

"సీళ్ళు మార్చాలి" అన్నాడు.

అది అవునో కాదో ఆవిడకి బోధపడలేదు. తిరిగి లోపలికి పోకుండా, చక్రం చేతిలోనే ఉంచుకుని మెట్టు మీద కూలబడింది. అతను కొత్త సీలు తీసి, లోపలి పెదవికి వేలితో నూనె రాశాడు. పాతది రాసుకున్నచోట ఇరుసు మీద సన్నటి మెరుపు గీత ఉంది. గోరు పెడితే అందీ అందనంత లోతు. కొత్తది కూడా అదే గీత మీద కూర్చుంటే ఎన్నాళ్ళో ఆగదు. వెంట్రుకవాసి పైకి కూర్చోబెట్టాలి. సీలంత వెడల్పున్న ప్లాస్టిక్ గొట్టం ముక్కని దాని మీద ఆనించి, సుత్తి పిడితో ఒక్కో వైపూ తడుతూ పోయాడు. ఒక పక్క దిగి ఒక పక్క దిగకపోతే మొత్తం పాడు. తట్టి, వేలితో చుట్టూ తడిమి, మళ్ళీ తట్టాడు.

భార్య సంచీతో గేటు తీసుకుని వచ్చింది. తల్లిని మెట్టు మీద చూసి ఆగింది, పళ్ళాయనని చూసింది, సంచీ కింద పెట్టింది. దుప్పటి దగ్గరికి వచ్చి పాత సీళ్ళని చేతిలోకి తీసుకుంది. గాజులకన్నా చిన్నవి. ఇన్ని నెలలూ ఇంట్లో ఆ పేరు తప్ప వాటి ఆకారం ఆమె చూడలేదు.

"ఇవేనా?"

"ఇవే."

"కారాయా?"

చెయ్యి ఆపడానికి వీల్లేదు, సీలు సగం దిగి ఉంది. "కారాయి" అన్నాడు. "కిందిది."

ఆమె కింది సీలుని రెండు వేళ్ళ మధ్య నొక్కింది. "మెత్తగానే ఉందే."

"లోపలి పెదవి అరిగింది. పైకి తెలీదు."

అబద్ధం ఎంత నున్నగా కూర్చుందో అతనికే వింతగా ఉంది. ఆమె ఆ సీలుని ఎండకి ఎత్తి చూసింది. అందులోంచి కొంచెం ఆకాశం కనబడి ఉంటుంది.

"నేనెప్పుడూ మిమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు" అంది. అతను తలూపాడు. "అనలేదు గాని అనుకున్నాను. రోజూ అనుకున్నాను. బడిలో బోర్డు మీద రాస్తూ రాస్తూ కూడా అనుకున్నాను. ఆ పూట ఈ రెండూ మార్చేసి ఉంటే ఏం పోయేదని. మీకు అన్నం వడ్డిస్తూ కూడా అదే."

సుత్తి పిడి గొట్టం మీదే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ మాటలు తగిలిన చోటు వేరు, ఇది తగిలిన చోటు వేరు. ఇక్కడ ఆ సూదిమందు పనిచేయలేదు.

"కాదు."

అంది మెట్టు మీంచి అత్తగారు.

ఇద్దరూ తిరిగి చూశారు. ఆవిడ అల్లుడిని చూడటం లేదు, కూతుర్నీ చూడటం లేదు. చేతిలోని చక్రాన్ని చూస్తోంది.

"ఆ రబ్బర్లు కావే. అవి బాగానే ఉన్నాయి. ఇది పట్టేసింది. మీ తమ్ముడు తెచ్చిన పాతది. నాకు మొదట్నించీ తెలుసు. మీ ఆయనకి ఇవాళే తెలిసింది. తెలిసి కూడా నీకేం చెబుతున్నారో విన్నావుగా."

చక్రాన్ని మెట్టు మీద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి, లోపలికి వెళ్ళిపోయింది.

భార్య వెళ్ళి చక్రాన్ని తీసుకుంది. తిప్పబోయింది. చీర కుచ్చెళ్ళ మధ్య పట్టుకుని రెండు చేతులా తిప్పబోయింది. వేళ్ళు ఎర్రబడ్డాయి, చక్రం తిరగలేదు. తిరగదని తెలిశాక కూడా వదల్లేదు. సీలు ఇంకొక్క పక్క దిగాలి. అతను గొంతుక్కూర్చుని ఆనించబోతే గొట్టం జారింది, మళ్ళీ ఆనిస్తే మళ్ళీ జారింది.

ఆమె వచ్చి పక్కన కూర్చుంది. చక్రాన్ని నేలమీద పెట్టి, ఏమీ అడక్కుండా గొట్టాన్ని రెండు చేతులతో నిటారుగా పట్టుకుంది. మసి గాజుల దాకా అంటింది.

"ఇలాగేనా?" అంది.

"కొంచెం నీ వైపు వంచు."

వంచింది. అతను తట్టాడు. సీలు దిగిన చప్పుడు వేరుగా ఉంటుంది, గుల్లగా మోగుతున్నది గట్టిబడుతుంది. అది వినబడేదాకా తట్టి ఆగాడు. ఆమె గొట్టం వదల్లేదు.

ఇంట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. ఫోనులో మాట్లాడుతోంది. చెవిటిదానిలా ఫోనులో అరిచే మనిషి, ఆ పూట మెల్లగా మాట్లాడుతోంది. అయినా పెరడు చిన్నది, కిటికీ తెరిచి ఉంది.

"కొట్టు మూసి వచ్చెయ్యి. మీ బావకి నువ్వే నీ నోటితో చెప్పాలి... తెలుసు, తెలిసిపోయింది... అక్కకీ తెలుసు, నేనే చెప్పాను." కొడుకు అటువైపు ఏదో అడుగుతున్నట్టుంది, ఆవిడ చాలాసేపు వింది. "లేదురా. మీ బావ ఒక్క మాట అనలేదు. అందుకే రమ్మంటున్నాను."